తేడా వస్తేనే

సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు, భుజాన సంచి ఉండగానే అతను కంప్యూటర్ తెరిచాడు. గడ్డం పెరిగి ఉంది. ఎదురు సీటు ఆవిడ పలకరిస్తే తల ఊపాడు గాని కళ్ళెత్తలేదు.

రక్తపరీక్షలు చేసే సంస్థ అది. ఊరంతా బ్రాంచీలు, బ్రాంచీకో సర్వర్. జనం నిద్రపోయాక ఆ సర్వర్లు వాటంతటవే కొత్త సాఫ్ట్‌వేర్ దించుకుని వేసుకుంటాయి. ఆ పని ఎలా జరిగిందో మెయిల్ పంపమని వాటికి చెప్పి పెట్టవచ్చు. రోజూ పంపమనవచ్చు. లేదా తేడా వస్తేనే పంపమనవచ్చు.

తేడా వస్తేనే పంపమని పెట్టింది అతనే.

అప్పట్లో మీటింగులో ఎదురు సీటు ఆవిడ ఒప్పుకోలేదు. బాగున్నా బాగాలేకున్నా రోజూ ఒక మెయిల్ రావాలంది.

“ఇన్ని మెషిన్లు పొద్దున్నే లేచి బాగున్నాం బాగున్నాం అంటుంటే, నేను నా పని చూసుకోవాలా, వాటికి ఊ కొట్టాలా?” అన్నాడతను.

అందరూ నవ్వారు. “చెప్పే నోరే పడిపోతే?” అంది ఆవిడ. దానికీ ఏదో చమత్కారం విసిరాడు. ఇంకా నవ్వారు. ఆ రోజు నుంచి ఆఫీసులో అతని పేరు మౌనస్వామి.

ఇప్పుడు ఆ మౌనస్వామే మేనేజర్ గదిలోకి వెళ్ళాడు. ఇకమీదట సర్వర్లన్నీ రోజూ మెయిల్ పంపేలా మారుస్తానని, ఇవాళే మార్చాలని అన్నాడు.

మేనేజర్ ఆశ్చర్యపోలేదు. ఆ మధ్య ఓ మధ్యాహ్నం ఫోనొస్తే, తింటున్న డబ్బాకు మూతైనా పెట్టకుండా అతను వెళ్ళిపోయాడు. తర్వాత ‘అత్యవసరం’ అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. ఏదో బ్రాంచీలో సర్వర్ చచ్చిందనీ, మెయిల్ రాక అది ఎవరికీ తెలియలేదనీ, పరువు పోతుందని చాటుగా బాగుచేసుకుంటున్నాడనీ ఆఫీసంతా అనుకుంది.

“ఏ బ్రాంచయ్యా? ఎవర్నడిగినా మాది కాదంటే మాది కాదంటున్నారు. వాళ్ళకి కూడా మౌనం నేర్పావా?” అన్నాడు మేనేజర్.

వాళ్ళనుకున్నదే అనుకోనివ్వడం అతనికి తేలికనిపించింది. ఆ తేలికకు మళ్ళీ సిగ్గేసింది.

రోజూ అన్ని మెయిళ్ళొస్తే చదివేదెవరని మేనేజర్ గొణిగాడు. నాలుగు రోజులు చూస్తారు, ఆ తర్వాత తెరవకుండానే తీసిపారేస్తారు. ఈ మాటలు నువ్వు చెప్పినవే కదా అన్నాడు. పెట్టిన పద్ధతి పెట్టినట్టు ఉండనివ్వమన్నాడు.

“మీకెవరికీ రానివ్వను సార్. నాకొక్కడికే రానివ్వండి. నేను చదువుతాను.”

“రోజూనా?”

“రోజూ.”

“ఒకరోజు రాలేదనుకో?”

“వెళ్ళి చూసొస్తాను.”

ఆ గొంతు విని మేనేజర్ ఇంకేమీ అనలేదు. సరే కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

సీటు దగ్గరికొచ్చి ఒక్కో సర్వర్ తెరవడం మొదలుపెట్టాడు. మార్చాల్సింది ఒక్క మాట. అది తనే టైపు చేసిన మాట. ప్రతి సర్వర్‌లోనూ అదే కనిపిస్తోంది.

“ఆ రోజు మీరన్నదే నిజం,” అన్నాడు తెర వైపే చూస్తూ. “నోరు పడిపోతే ఎలా అన్నారు కదా. నేను నవ్వాను.”

దెప్పిపొడవడానికి ఆవిడ ఇన్నాళ్ళూ ఓ మాట సిద్ధంగానే ఉంచుకుంది. అతని ముఖం చూశాక అది పైకి రాలేదు.

“ఇంకా అదే పట్టుకుని కూర్చుంటారా స్వామీ? పోతే పోయింది. మెషినే కదా, ఇంకోటి కొంటారు,” అంది.

అతను టైపు చేసిన మాటనే చెరిపి మళ్ళీ టైపు చేశాడు.

అన్నీ మార్చాక, పరీక్షకని అన్నిటి నుంచీ ఒక్కో మెయిల్ తెప్పించాడు. ‘అప్‌డేట్ పూర్తయింది. సమస్యలేమీ లేవు.’ అన్నిట్లో ఉన్నది అదే ముక్క. అయినా ప్రతిదీ తెరిచి చివరిదాకా చదివాడు. ఒక్క బ్రాంచీ నుంచి మాత్రం మెయిల్ రాలేదు. అతను చటుక్కున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. బండి తాళాలు తీసుకుని అప్పటికే తలుపు దాకా వెళ్ళాడు.

“ఆగండి, ఫోన్ చేస్తే సరిపోయేదానికి,” అంటూ ఆవిడ ఆ బ్రాంచీకి ఫోన్ చేసింది. అక్కడ కరెంటు పోయి ఇప్పుడే వచ్చిందట. చూస్తుండగానే దాని మెయిల్ కూడా వచ్చింది.

అతను వెనక్కొచ్చి కూర్చున్నాడు. తాళాలు పిడికిట్లోనే ఉన్నాయి.

ఆవిడ లేచి వచ్చి అతని వెనక నిలబడింది. తెర మీద వరసగా ఉన్న బ్రాంచీల పేర్లూ, పక్కన ఒక్కో సర్వర్ పెట్టిన తేదీ, చివరి అప్‌డేట్ తేదీ అన్నీ చదివింది. మళ్ళీ పైనుంచి చదివింది.

“అన్నీ ఉన్నాయి కదండీ,” అంది మెల్లగా. “ఏదీ కొత్తది కాదు, ఏదీ ఆగినట్టు లేదు. మరి పోయింది ఏ సర్వర్?”

అతను తాళాలు బల్ల మీద పెట్టాడు.

“బాగున్నానని చెప్పడానికి రోజూ ఫోన్ చెయ్యకు, ఏదైనా తేడా వస్తేనే చెయ్యి” అని అతను విసుక్కున్న రోజు నుంచి, రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే అక్క ఇంటి తలుపును ఇరుగుపొరుగు పగలగొట్టిన రోజు దాకా, ఆమె దగ్గర్నుంచి ఒక్క ఫోనూ రాలేదు.