సరిచూడుము

హారన్ మూడుసార్లు కొట్టినా అపార్ట్‌మెంట్ గేటు తెరుచుకోలేదు.

లెక్కల టీచరమ్మ స్కూటర్ దిగి తొంగిచూసింది. గేటాయన తన గదిలో స్టూలు మీద కూర్చుని ఫోన్లో తలదూర్చాడు. ఒళ్ళో రిజిస్టరు, చేతిలో పెన్ను.

“ఒక్క నిమిషం అమ్మగారూ, ఒక్క మెట్టు మిగిలింది.”

మెట్టట మెట్టు! ఈ వయసులో ఫోన్లో ఆటలొకటి. ఆవిడకి అసలే ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి? ఇంట్లో ట్యూషన్ గదిలో కుర్చీలు ఇరవై రెండు. ఆవేళ నిండినవి ఆరు. మిగతా పదహారుగురినీ ఒక యాప్ ఎగరేసుకుపోయింది.

అందులో సందేహాల పేజీ ఒకటుంది. లెక్కని ఫొటో తీసి పెడితే ఎవరో మాస్టారు కాగితం మీద చేత్తో చేసి పంపుతాడు. పేరు లేదు, మొహం లేదు, ఫీజు అసలే లేదు. ప్రతి లెక్క కిందా పాతకాలం పుస్తకంలోలా ‘సరిచూడుము’ అని రాస్తాడు. పిల్లలు ఆయన్ని సరిచూడుము మాస్టారనే పిలుచుకుంటారు.

ఇరవై ఏళ్ళు గొంతు చించుకున్నా టీచరమ్మకి అంత ముద్దుపేరు దక్కలేదు. దక్కిందల్లా ‘ఎర్రపెన్ను’. ఆవిడ ముడిలో ఎప్పుడూ గుచ్చి ఉండేది అదే మరి.

యాప్‌తో బుర్ర తుప్పు పడుతుందని కనపడిన తల్లికల్లా చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు. ఎదురింటి పిల్ల యాప్‌లో మెషీన్ ఇచ్చిన జవాబులన్నీ దింపుకుని, తీరా పరీక్షలో తెల్లమొహం వేసింది. కానీ ఈ మాస్టారు అలా జవాబు చేతిలో పెట్టడే! చివరి మెట్టు ముందు ఆగిపోయి ‘ఇది నీ వంతు’ అంటాడట. వేలెత్తి చూపడానికి కూడా సందివ్వని మహానుభావుడు.

అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. సొంత కూతురే తలుపు చాటున ఆయనకి లెక్క పంపుతూ దొరికిపోయింది.

“ఇంట్లో టీచర్ని పెట్టుకుని ఊళ్ళోవాళ్ళని అడుగుతావా?”

“నిన్నడిగితే ‘ఇది కూడా రాదా’ అంటావమ్మా. ఆయన అనడు.”

ఆవిడకి అన్నం సయించలేదు. పోయిన పదహారుగురూ ఒక ఎత్తు, ఈ ఒక్కతీ ఒక ఎత్తు. వాడి బండారం బయటపెట్టాల్సిందే అనుకుంది.

కూతురి ఫోన్లోంచి తనే ఒక ప్రశ్న పంపింది. లంబకోణ త్రిభుజం, భుజాలు 7, 24, 26, వైశాల్యం ఎంత? కావాలనే తప్పు పెట్టింది. తొందరపాటువాడైతే చూసుకోకుండా చేసేస్తాడు, అది పదిమంది తల్లులకీ చూపించొచ్చు.

పావుగంటలో కాగితం వచ్చింది. ఏడంకెకి నడుం మీద చిన్న అడ్డగీత. గుండ్రటి రాత.

‘26 కాదు, 25 ఉండాలి. ఇంత నేర్పుగా తప్పు పెట్టినవారికి లెక్క బాగా వచ్చు. వారినే అడుగు, నాకంటే బాగా చెబుతారు. సరిచూడుము.’

తిట్టినా బాగుండేది. మెచ్చుకున్నాడు! ఆవిడ కడుపుమంట రెట్టింపైంది.

ఆ మంట ఎవరిమీదో ఒకరిమీద చల్లారాలిగా. మర్నాడు గేటు దగ్గర మళ్ళీ అదే ఫోను, అదే ‘ఒక్క మెట్టు’. స్కూటర్ అక్కడే వదిలేసి నేరుగా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఇంటికి నడిచింది. డ్యూటీలో ఆటలాడేవాడికి జీతం ఎందుకని నిలదీసింది. సెక్రటరీకి పోట్లాటలు పడవు. సరేనన్నాడు.

శనివారం సాయంత్రం గేటాయన పెట్టె సర్దుకున్నాడు. గేటు పక్క గదే ఆయన ఇల్లు. ఎదురుపడితే దణ్ణం పెట్టాడు.

“మీ పిల్లలు వెళ్తూ వెళ్తూ మీ పద్ధతులు అప్పజెప్పుకుంటారమ్మగారూ. వింటుంటాను. మంచి పద్ధతులు.”

గేటు తీసేవాడికి పద్ధతుల మంచిచెడ్డలెందుకో, అనుకుని లోపలికొచ్చేసింది.

సోమవారానికి పదకొండు కుర్చీలు నిండాయి. ఆవిడ మొహం చాటంతైంది. పేజీలో సరిచూడుము మాస్టారు ఆఖరి కాగితం పెట్టి వెళ్ళిపోయాడని, కూతురు కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. పని మారుతోందట, అక్కడ ఫోను పట్టుకోనివ్వరట, ఇకమీదట ఎవరి లెక్క వాళ్ళే చూసుకోవాలట.

పీడ విరగడైంది అనుకుంది టీచరమ్మ.

తిరిగొచ్చిన పిల్లల పేర్లు రిజిస్టర్లో రాయాలంటే కిందికి దిగింది. కొత్త గేటాయన పుస్తకం చేతికిచ్చాడు. ఖాళీ పేజీ కోసం తిప్పుతుంటే మధ్యలో శనివారం పేజీ వచ్చింది.

‘వచ్చినవారు 17. వెళ్ళినవారు 18.’

ఏడంకెకి నడుం మీద చిన్న అడ్డగీత.

ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది. కింద గుండ్రటి రాతలో ఇంకో వాక్యం ఉంది.

‘తేడా ఒకటి. సరిచూడుము.’

పాతాయనకి కూడికలు కూడా రానట్టుందమ్మా, అని కొత్తాయన నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. వరసలన్నీ ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టి సరిచూసింది. వచ్చినవాళ్ళు పదిహేడుగురూ తిరిగి వెళ్ళారు. పద్దెనిమిదో వరసలో వెళ్ళినవారి పేరు దగ్గర ‘గేటు మనిషి’ అని ఉంది.

టీచరమ్మ ముడిలోంచి ఎర్రపెన్ను తీసి, ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన ‘లెక్కల మాస్టారు’ అని దిద్దింది.