కడిగిన ఇసుక

“నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు కదా, మామయ్యగారూ. ఎవరి కళ్ళో పడ్డాయి,” అన్నాడు అల్లుడు. పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టెలో మిగతావన్నీ చచ్చిపోగా మిగిలిన ఒకే ఒక్క నారింజ చేప పైకి వచ్చి నోరు తెరుస్తోంది.

రిటైరైన రసాయనశాస్త్రం మాస్టారు పరీక్షగొట్టాన్ని వెలుగుకెత్తి చూశారు. అందులోని తొట్టె నీళ్ళు ముదురాకుపచ్చకు తిరిగాయి.

“ఇంత అమోనియా ఎవరి కంట్లోంచి కారిందంటారు, అల్లుడుగారూ? ఇంజనీరింగు చదివి దిష్టి కబుర్లా? ఏ ఇసుక పోశారు?”

“బ్యాక్టీరియా బతికుండే ఇసుకండి. కొట్లో తడిగానే ఇచ్చారు.”

“పోసేముందు ఏం చేశారు?”

“వేణ్ణీళ్ళతో... తేటపడేదాకా కడిగాను.”

మాస్టారు నవ్వారు. ఒకప్పుడు ఆ నవ్వుకు తరగతులకు తరగతులే తలలు దించుకునేవి.

“భేష్. చేపల మలినాన్ని విరిచే జీవులను కొని తెచ్చి, ఉడకబెట్టి కాలవలో పోశారన్నమాట. ఏ మహానుభావుడిచ్చాడీ సలహా?”

అల్లుడు తొట్టె అద్దం తుడవసాగాడు.

“చెప్పరేం?”

“మీరే నాన్నా,” అంది కూతురు గుమ్మంలోంచి. “ఫోన్లో అడిగితే, ఇసుకన్నాక వేణ్ణీళ్ళతో కడగాలని వేరే చెప్పాలా అన్నారు. ఆ మాట మీతో అనలేకే ఈయన పొద్దుట్నుంచీ కళ్ళు పడ్డాయంటున్నారు.”

మాస్టారు పరీక్షగొట్టాన్ని, అవసరం లేకపోయినా, మరోసారి చూశారు. రంగు మారలేదు.

“ఆ ఉప్పునీళ్ళ బకెట్టు ఇటు జరపండి,” అన్నారు చొక్కా చేతులు మడుస్తూ. “ముందు సగం నీళ్ళు మారుద్దాం. దీనిమీద పడింది కన్ను కాదులెండి, నా నోరు.”