ఆగిపోయిన మోడల్

“ఈ రేటుకి కుదరదండీ,” అంది పళ్ళ డాక్టరమ్మ.

కారు చుట్టూ తిరిగి తిరిగి చివరికి మనసు కుదుర్చుకున్న సంగీతం మాస్టారు బిత్తరపోయాడు. జేబులోంచి సగం బయటికొచ్చిన అడ్వాన్సు కవరు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆయన విసవిసా గేటు దాటి పోతుంటే బేరాల బాబాయికి ఒళ్ళు మండిపోయింది.

పాత కార్లు అమ్మించే ఆ షెడ్డులోనే బాబాయి తల నెరిసింది. మొండివాళ్ళని చూశాడు, పీనాసివాళ్ళని చూశాడు. ఇలాంటి మొగుడూ పెళ్ళాలని మాత్రం చూడలేదు.

“అమ్మా, నిన్న మీరు సరేనన్న రేటే కదా ఆయన ఇస్తానన్నది!”

“నిన్న సరేనన్నాను. ఇవాళ ఆలోచించుకున్నాను.”

బాబాయి ఆమె భర్త వైపు తిరిగాడు. ఆయనకి మెయిన్ రోడ్డులో కళ్ళద్దాల షాపు ఉంది. “మీరైనా చెప్పండి సార్.”

“నన్నడిగితే ఏం లాభం? కారు ఇద్దరి పేరునా ఉంది. ఆవిడ సంతకం లేకుండా నేనేం చెయ్యను?”

“ఆవిడ మీ పక్కనే ఉన్నారుగా! మీరే అడగొచ్చుగా!”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

పైవారమే నెత్తిన పిడుగు పడింది. అదే మోడల్ కొత్త కార్ల మీద కంపెనీ భారీ డిస్కౌంట్ ప్రకటించింది. బాబాయి ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాడు. ఒకరికి చెప్పిన కబురు రెండోవారికి చేరదని అప్పటికే తెలిసొచ్చింది.

“కొత్త కారునే అంత తగ్గించి ఇస్తుంటే పాతదాన్ని ఎవడు కొంటాడమ్మా? మీ బండి రేటు నిలబడ్డచోటే కరిగిపోతోంది. వచ్చినకాడికి వదిలించుకోండి.”

“డిస్కౌంట్ ఎల్లకాలం ఇస్తారా ఏంటి? అది అయిపోయాక రేటు మళ్ళీ లేస్తుంది. ఆగుదాం,” అందామె.

ఆమె ఎడ్డెమంటే తెడ్డెమనే ఆ కళ్ళద్దాలాయన కూడా ఫోన్లో అదే మాట అన్నాడు. “ఆగుదాం బాబాయిగారూ.”

రేటు లేవలేదు సరికదా, డిస్కౌంట్ ఇంకా పెరిగింది. ఎందుకిస్తున్నారో కూడా కొన్నాళ్ళకి బయటపడింది. ఆ మోడల్ తయారీ పూర్తిగా ఆపేస్తున్నారట! మిగిలిపోయిన బళ్ళని ఎలాగోలా వదిలించుకుంటున్నారు. ఆ వార్త వచ్చాక, కారు చూడ్డానికి వచ్చేవాళ్ళంతా ముందు అడిగే ప్రశ్న ఒకటే: “రేపు స్పేర్ పార్టులు దొరక్కపోతే మా గతేంటి?”

ఈసారి బాబాయి ఇద్దరినీ షెడ్డుకి పిలిపించాడు.

“మోడల్ ఆపేశారంటే ఇక దొరకదనేగా?” అన్నాడు కళ్ళద్దాలాయన. “దొరకని వస్తువుకి విలువ పెరగాలి కదా!”

“పాతకాలం గడియారం కాదు సార్, కారు! ఏడాదికేడాది దిగడమే తప్ప ఎక్కడం ఉండదు.”

“ఆయన చెప్పిందాంట్లో కూడా పాయింటుంది,” అంది డాక్టరమ్మ.

బాబాయి తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

అమ్మరు. పోనీ ఇంటికి తీసుకుపోతారా అంటే అదీ లేదు. షెడ్డులో ముందు వరస జాగాని ఆ కారుతోనే నింపేశారు. పైగా, స్టార్ట్ చెయ్యకపోతే బ్యాటరీ పాడైపోతుందని సాయంత్రాలు వస్తారు. ఆయన స్కూటర్ మీద ఒక వైపు నుంచి, ఆమె ఆటోలో ఇంకో వైపు నుంచి. ఇద్దరూ కార్లో కూర్చుని, ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుంటారు. మొదట్లో ఆ అద్దాల్లోంచి కూడా అరుపులు వినిపించేవి. ఈమధ్య ఏమీ వినిపించడం లేదు. తన కమీషన్ ఎగ్గొట్టడానికే ఇద్దరూ గుసగుసలాడుకుంటున్నారని బాబాయి అనుమానం.

చివరికి ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు వచ్చాడు. తన కారుని లారీ గుద్దేసిందట. సరిగ్గా అదే మోడల్ కోసం వెతుకుతున్నాడు.

“మా ఆవిడ మోకాళ్ళకి ఆ సీటు ఎత్తే సరిపోతుందయ్యా. కొత్తది కొందామంటే షోరూముల్లో ఒక్కటీ మిగల్లేదు. మీరు చెప్పిన రేటే ఇస్తాను. బేరమాడను.”

బాబాయి తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. అరగంటలో దంపతులిద్దరినీ రప్పించాడు. కుర్చీలు వేయించాడు. కాగితాలు బల్ల మీద పరిచాడు. పెన్ను మూత కూడా తనే తీసి పెట్టాడు.

ఇద్దరూ పెన్ను వంక చూశారు. ఎవరూ ముట్టుకోలేదు.

“సీటు కవర్లు చిరిగాయి కదా,” అంది డాక్టరమ్మ నెమ్మదిగా. “అవి మార్చకుండా ఎలా ఇస్తాం?”

“నేను వేయించుకుంటాలేమ్మా,” అన్నాడు పోస్టుమాస్టరు.

“బ్రేకులు కూడా ఒకసారి చూపించాలి,” అందుకున్నాడు కళ్ళద్దాలాయన.

“అవీ నేనే చూపించుకుంటాను నాయనా.”

“అయితే... రేటు ఇంకాస్త పెంచాలండీ.”

“అవును, పెంచాలి,” అంది ఆమె చప్పున.

పెద్దాయన మొహం మాడిపోయింది. “అడిగినంతా ఇస్తానంటే ఇదేం మర్యాదండీ?” అంటూ చేతికర్ర అందుకుని లేచి వెళ్ళిపోయాడు.

బాబాయి ఇక పట్టలేకపోయాడు.

“డిస్కౌంట్ వచ్చింది, అమ్మండన్నాను. వినలేదు. మోడల్ ఆపేశారు, అమ్మండన్నాను. వినలేదు. దేవుడిలాంటి మనిషి అడిగినంతా చేతిలో పెడతానంటే తరిమేశారు! అసలు మీకీ కారు అమ్మే ఉద్దేశం ఉందా లేదా? నన్నెందుకిలా కాల్చుకు తింటున్నారు?”

కళ్ళద్దాలాయన నేల చూపులు చూస్తున్నాడు. డాక్టరమ్మ ఆయన వంక ఒక్క క్షణం చూసి, బల్ల మీది పెన్నుకి మూత పెట్టేసింది.

“మా విడాకులకి ఇక ఈ కారొక్కటే అడ్డం, బాబాయిగారూ.”