బొజ్జ తాత జాడ

గురజాల సెంటరులో బొజ్జ తాత లేడు. బస్సులు మాత్రం ఇంకా "బొజ్జ తాత కాడ" ఆగుతున్నాయి.

తాత పాత చలివేంద్రం గోడలో ఉండేవాడు. వెడల్పాటి రాతి పలక మీద పెద్ద పొట్ట, ఒళ్లో నీళ్ల కుండ, విరిగిన ఎడమ చెవి. పరీక్షలకు పోయే పిల్లలు ఆ పొట్ట నిమిరి వెళ్లేవాళ్లు. నాలుగేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేస్తూ చలివేంద్రం కూల్చారు. రాళ్లతో పాటు తాత కూడా మాయమయ్యాడు.

ఇప్పుడు కొత్త చలివేంద్రం కట్టారు. ఆదివారం ప్రారంభం. గోడలో తాతకు చోటు వదిలారు. వెతికే పని రిటైర్డ్ హెడ్మాస్టరు శ్రీహరి నెత్తికెత్తుకున్నాడు. ఆయనకు తాతంటే ప్రాణం. మనుషుల మీద అనుమానం అంతకంటే ఎక్కువ.

కూల్చిన రోజు అక్కడ పనిచేసిన తాపీమేస్త్రి గురవయ్యను నిలదీశాడు. గురవయ్య తలెత్తలేదు. మాస్టారి కాళ్ల వంకే చూస్తూ నసిగాడు.

"గుంటలో పూడ్చే రాయి మాస్టారూ. ఒకరు అడిగితే ఇచ్చా."

"ఎవరికి?"

"పేరు చెబితే బాగుండదు. మీరే బాధపడతారు."

"ఎవరైతే నాకేంది? స్టేషనుకు ఈడుస్తా."

"ఆయన్ని మీరు ఈడవలేర్లే."

శ్రీహరికి ఒళ్లు మండింది. ఎవడో పెద్దమనిషి తోటలో తాత అలంకారానికి కూర్చున్నాడని తేలిపోయింది. కాజేసింది వాడు, కాపు కాస్తున్నది వీడు. ఇంటికొచ్చి గురవయ్య పేరున ఫిర్యాదు రాశాడు.

భార్య పద్మజ అడ్డుపడింది. కేసు పడితే అతనికి ఈ ఊళ్లో పని పుట్టదంది. పడిపోయిన ప్రహరీ లేపింది, వంటింటి గట్టు కట్టింది, మీరు అడగ్గానే కుళాయి కింద రాయి పరిచింది అతనే కదా అని గుర్తు చేసింది. ఏనాడూ మాట కాదనలేదంది.

"అతి వినయం ధూర్త లక్షణం," అన్నాడు శ్రీహరి.

సంతకం పెట్టాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. శుభకార్యానికి బయల్దేరినట్టు కాళ్లు కడుక్కుందామని పెరట్లో కుళాయి తిప్పాడు.

రాత్రి వానకు మట్టి కొట్టుకుపోయిన చోట, ఆయన పాదాల కింద, బోర్లా పడుకున్న రాయి అంచున విరిగిన చెవి ఒకటి కనిపించింది.