కావాలంటే రాసిస్తా

"నొక్కి చూడండమ్మా. వేలు దిగిందా? అదీ మెత్తదనమంటే," అన్నాడు సైకిల్ షాపాయన.

ఆమె బొటనవేలితో టైరును నొక్కింది. రెండు బస్సులు మారి వచ్చిన అలసట ముఖంలో ఉంది గానీ, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. భుజాన ఉన్న గుడ్డసంచీలోంచి వాడిన టైరొకటి తీసి బల్ల మీద పెట్టింది.

షాపాయన దాన్ని వెలుతురుకి పట్టి తిప్పి చూశాడు. సన్నటిది, ఇరవై మూడు మిల్లీమీటర్ల సైజు. కొత్త టైరు మీద వెంట్రుకల్లా ఉండే రబ్బరు నూగు ఇంకా పోలేదు. ఒక పక్క మాత్రం జానెడు మేర గీసుకుపోయి, లోపలి దారాలు బయటపడ్డాయి.

"ఇది నెల కూడా తిరిగినట్టు లేదే. పడ్డాడా పిల్లాడు?"

"పడ్డాడు. కొండ రోడ్డులో, రెండో మలుపు దగ్గర. వాన పడుతోంది." ఆమె ఖాళీ సంచీ మడతపెట్టుకుంది. "మా ఊళ్ళోనూ షాపులున్నాయి. ఆ కొండ సంగతి మీకు బాగా తెలుసన్నారు."

"తెలియకేం!" షాపాయన మోచేయి ఎత్తి చూపించాడు. అక్కడ అరచేయంత మచ్చ. "వయసులో నేనూ ఆ కొండ దిగినవాణ్ణే. పిల్లలన్నాక పడతారమ్మా. పడకుండా సైకిలెవడికొచ్చింది?"

పంక్చరు వేస్తున్న ఆయన భార్య నీళ్ళ తొట్టి మీంచి తలెత్తింది. "ఆ కథ మొదలుపెడితే సాయంత్రం దాకా కొండ దిగడు. మీ పని చూసుకోండమ్మా."

ఆమె నవ్వలేదు. "వేగంగా పోయేది ఏది, హాయిగా ఉండేది ఏది, ఎక్కువకాలం ఆగేది ఏది? వివరంగా చెప్పండి," అంది.

ఇలా అడిగేవాళ్ళంటే షాపాయనకి ప్రాణం. మూడు టైర్లు వరసగా పరిచాడు. "ఇది సన్నది. రాయిలా గట్టిపడేదాకా గాలి కొడతాం, బాణంలా పోతుంది. కానీ రోడ్డు మీది ఇసుక రేణువు కూడా నడుముకి తెలుస్తుంది. ఇది మందపాటిది. మేకు గుచ్చుకున్నా లెక్కచేయదు, రెండేళ్ళు ఢోకా లేదు. బరువు మాత్రం గాడిద మోత. మీరు నొక్కింది వెడల్పుది, ముప్ఫై రెండు మిల్లీమీటర్లు. పరుపు మీద కూర్చుని పోయినట్టే. మూడు గుణాలూ ఒక్కదాంట్లోనే కావాలంటారా, మంచి అత్త, మంచి కోడలు, ఒకటే వంటిల్లు... అది జరిగే పని కాదు."

"మీ అమ్మకి దొరికింది కదా మంచి కోడలు," అంది భార్య ట్యూబు పిండుతూ.

"జారనిది ఏది?" అంది ఆమె, మూడు టైర్లనీ చూస్తూ.

"ఆఁ?"

"మిగతావి వద్దు. జారనిది ఏదో చెప్పండి."

షాపాయన వెడల్పు టైరును ముందుకు జరిపాడు. "ఇదే. బల్లి గోడని పట్టుకున్నట్టు నేలని పట్టుకుంటుంది. ఆ సన్నవి ఎవరు కొన్నారోగానీ, వానలో ఆ దిగుడులో అవి వేయడమంటే పిల్లాణ్ణి సబ్బు మీద నిలబెట్టడమే."

ఆమె వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"నేనే కొన్నాను. పుట్టినరోజుకి. వెడల్పువే చాలమ్మా అన్నాడు వాడు. వేగంగా ఉంటాయని నేనే సన్నవి తెచ్చాను."

"తెలిసి చేస్తామా అమ్మా. ఇప్పుడు దిద్దుకుంటున్నారుగా."

"ఇవే వేసుంటే జారేవాడు కాదా?"

"జారడు."

"వాన పడుతున్నా?"

"వాన పడినా, వరదొచ్చినా. ఇరవై ఏళ్ళుగా టైర్లమ్ముతున్నాను. కావాలంటే రాసిస్తా."

"రాసివ్వండి."

షాపాయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. బిల్లు వెనక్కి తిప్పి రాశాడు: 'ఈ టైర్లుంటే రెండో మలుపులో వానకైనా జారడు.' కింద సంతకం పెట్టాడు.

"స్టాంపు కూడా వేయండి."

వేశాడు. ఆమె ఆ ముక్క రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది.

"సైకిల్ తెచ్చుంటే బావుండేది," అన్నాడు షాపాయన టైర్లు కడుతూ. "కొన్నింటికి ఇంత వెడల్పు పట్టదు. పిల్లాణ్ణే పంపకపోయారా?"

"వాడు రాడు."

"అలకా?"

ఆమె డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. "పట్టకపోయినా ఫర్వాలేదు," అంది.

"అదేం మాటమ్మా? గోడకి తగిలించుకుంటారా?"

ఆమె గడప దాటగానే భార్య చేతులు తుడుచుకుంటూ లేచింది. "అదేంటయ్యా, అంత ధైర్యంగా రాసిచ్చేశావు?"

"ఆర్నెల్లుగా కదలని సరుకు. ఒక్క మాటతో కదిలింది."

"నిజంగా జారదా?"

"ఆ మలుపులోనా? లారీల నూనె కారి, పైన వాన పడిందంటే అది గాజుపలక. ఏ టైరైనా జారాల్సిందే. ఈ మచ్చ ఎలా వచ్చిందనుకున్నావు? అప్పుడు నావి వెడల్పువే."

"మరి ఆవిణ్ణెందుకు అంతలా బెదరగొట్టావు? ముఖంలో నెత్తురుచుక్క లేదు."

"బెదిరితే మంచిదేలే. పిల్లాణ్ణి జాగ్రత్తగా చూసుకుంటుంది."

అప్పటికి ఆమె బస్సెక్కింది. ఒళ్ళో టైర్లు, గుప్పిట్లో కాయితం. కండక్టర్ దగ్గరికి రాగానే రెండో మలుపుకి టికెట్ అడిగింది.

"అక్కడ ఇళ్ళేం లేవమ్మా. ఓ పక్క బండ, ఓ పక్క లోయ," అన్నాడు కండక్టర్.

"తెలుసు," అంది.

కిందటి నెల ఆమె కొడుకు చనిపోయింది అక్కడే.