కట్టకు అవతల నీళ్ళు

"ఏమయ్యా! ఆ గేటు ఎక్కడానికి వీల్లేదు!"

గ్లెనిస్ అరిచిన అరుపుకి పక్కనున్న కుక్క కూడా వంత పాడింది.

కమ్మీ మీద పెట్టిన కాలు మెల్లగా దించాడు ముసలాయన. నెత్తిమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తాళం వేసుంది తల్లీ. ఒక్కసారి ఆ కట్ట మీద నిలబడి, నీళ్ళు చూసి వెళ్ళిపోతాను."

"ఎవరూ ఎక్కకూడదనే వేశాను తాళం. ఏ ఆఫీసు వాళ్ళు పంపారు మిమ్మల్ని?"

"ఆఫీసులకీ నాకూ ఏం సంబంధం? బస్సు దిగి నడిచొచ్చాను."

గ్లెనిస్ నమ్మలేదు.

పాత సొంత డ్యాములున్న టాస్మేనియా రైతులందరికీ ఆ ఏడాది కాగితాలొచ్చాయి, పర్మిట్ తీసుకోవాలని. కట్ట లోపల ఏ మట్టి పోశారో, తూము ఎక్కడ పెట్టారో చూపించాలి. చూపించలేకపోతే కట్టకు గండి కొట్టి నీళ్ళు వదిలేయాలి. అందాకా కట్ట మీదికి పిట్టను కూడా రానివ్వొద్దని ఇంజినీరు టెగన్ చెప్పి వెళ్ళింది.

ఎప్పుడో మామగారి హయాంలో కట్టిన డ్యాము. గ్లెనిస్ ఆ ఇంటి కోడలిగా వచ్చేసరికే నిండుగా ఉంది. దాని ఒడ్డునే సాయంత్రాలు ఆమె భర్త రెగ్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రెగ్ పోయి ఆరేళ్ళు. పొద్దు వాలితే ఇప్పటికీ ఆమె కాళ్ళు అటే లాగుతాయి.

ఆ నీళ్ళూ పోతే?

"కుడివైపు వాలు మీద తుమ్మ మొలిచింది, కొట్టించండి," అన్నాడు ముసలాయన మెడ సాచి. "వేళ్ళు దిగితే కట్టకి చేటు."

"అదిగో! తప్పులెన్నడానికే వచ్చారు. కట్టల సంగతి మీకేం తెలుసు?"

"ఏదో కాస్త..."

"తెలిసినవాళ్ళంతా ఎప్పుడో మట్టిలో కలిశారు. దీని లోపలేముందో చెప్పే మనిషి కోసం నెల్లాళ్ళుగా పేపర్లో వేయిస్తున్నాను. ఒక్కడు పలకలేదు. మీరేమో నాకు చెట్ల పాఠం చెప్తున్నారు!"

ముసలాయన నోరు తెరిచాడు.

గ్లెనిస్ కుక్క గొలుసు ఇంకో మూర వదిలింది. దాని మొరుగుళ్ళలో ఆయన మాట వినపడలేదు.

"నాలుగింటిది ఆఖరి బస్సు. తప్పిపోతే నా పూచీ కాదు!"

ఆయన టోపీ పెట్టుకున్నాడు. మలుపు దగ్గర ఆగి, మునివేళ్ళ మీద లేచి చూశాడు.

అక్కణ్ణుంచి చూస్తే కట్ట వీపే కనిపిస్తుంది. నీళ్ళు కనపడవు.

మూడు వారాలకు ఓ కవరు వచ్చింది. అందులో పెన్సిలుతో గీసిన కట్ట బొమ్మ. గీతలు వంకరపోయాయి, అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి.

'నడిమధ్య బంకమట్టి గోడ, రాయి తగిలేదాకా. తూము ఎడమ చివర, పదకొండు అడుగుల లోతున. బుల్‌డోజరు నడిపింది నేనే. క్లెమ్ హేవుడ్, అల్వర్‌స్టన్.'

"ఎట్టకేలకు నా ప్రకటన ఒకరి కంటపడింది!" అని పొంగిపోయింది గ్లెనిస్.

టెగన్ వచ్చి, గీసిన చోటల్లా తవ్వించి చూసింది. బంకమట్టి తగిలింది. పదకొండు అడుగుల దగ్గర తూము తగిలింది.

"యాభై ఏళ్ళ కిందటి పని అడుగుతో సహా గుర్తుంది ఈయనకి! మీ డ్యాము బతికిపోయింది ఆంటీ."

పర్మిట్ చేతికి రాగానే గ్లెనిస్ ఎండుపళ్ళ కేకు చేసింది. కారు తీసుకుని రెండు గంటలు నడుపుకుంటూ అల్వర్‌స్టన్ వెళ్ళింది.

క్లెమ్ చెల్లెలు తలుపు తీసింది. కూర్చోబెట్టి టీ పోసింది.

"ఇరవయ్యేళ్ళప్పుడు మా అన్నయ్య కట్టిన మొదటి డ్యామమ్మా అది. అప్పుడు కరువు. వాన పడకముందే ఇంకో పనికి పోవాల్సొచ్చింది. ఆ తర్వాత నలభై కట్టాడు. అన్నీ ఎండు గోతులుగానే చూశాడు. ఆ మొదటిదాన్నైనా నిండుగా చూడాలని అంటూనే ఉండేవాడు, పనుల్లో కాలం గడిచిపోయింది."

"ఒక్కసారి రావాల్సింది! నేనే చెయ్యి పట్టుకుని కట్ట ఎక్కించేదాన్ని కదా," అంది గ్లెనిస్.

"వచ్చాడుగా. చూపు ఇక నెల కూడా నిలవదని డాక్టరు చెప్పిన మర్నాడే, ఒక్కడే బస్సెక్కాడు. ఏం చూశావన్నయ్యా అంటే ఉలకలేదు, పలకలేదు. కళ్ళు ఆనుతుండగానే గీసెయ్యాలని ఆ రాత్రే పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు, ముగించేసరికి మూడు వారాలు పట్టింది."

గ్లెనిస్ కప్పు కింద పెట్టేసింది.

లోపలి గదిలోంచి, వేళ్ళతో గోడ తడుముకుంటూ, గేటు దగ్గర తను తరిమేసిన ముసలాయన బయటికొచ్చి, "ఎవరొచ్చారే?" అంటూ ఖాళీ కుర్చీ వైపు చూసి నవ్వాడు.