ఎడమ పాదం ఎక్స్‌రే

“ఎడమ పాదం చూడండి డాక్టరుగారూ! మావాడి కాల్లో స్క్రూ ఉంది!”

మార్చురీ గుమ్మం పట్టుకుని తల్లి అరిచిన అరుపుకి డాక్టరు వెనక్కి తిరిగాడు. నిన్న గిడ్డంగి తగలబడింది. అందులో పనిచేసే కొడుకు ఇంటికి రాలేదు, ఫోను ఎత్తలేదు. బయటికి తీసిన మూడు శవాల్లో రెండింటిని వాళ్ళవాళ్ళు గుర్తుపట్టి తీసుకెళ్ళారు. మూడోది కన్నతల్లి కూడా పోల్చుకోలేనంతగా కాలిపోయింది.

“ఏ ఎముకకమ్మా?”

“చిటికెన వేలి వైపుదండీ. మెట్ల మీంచి జారి విరగ్గొట్టుకున్నాడు. తలలో లూజైన స్క్రూ తెచ్చి కాల్లో బిగించార్రా అని ఏడిపించేదాన్ని కూడా.”

ఎక్స్‌రే తీయించడానికి డాక్టరు లోపలికి వెళ్ళాడు. తల్లి బల్ల మీద కూలబడింది. ఆ స్క్రూ బూటుకి ఒరుసుకుంటోంది, తీయించేసుకుంటానని కొడుకు ఆమధ్య ఒకటే గోల. మానిన కాలిని మళ్ళీ కోయిస్తావా, నేను పోయాక చేయించుకోరా అని తనే అడ్డం పడింది. అమ్మ గుండె అంతంత మాత్రమని వాడికీ తెలుసు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పోయిన నెల పెళ్ళాంతో ఊరెళ్ళి కుంటుకుంటూ వచ్చినప్పుడు కూడా, కొత్త బూట్లు కరిచాయమ్మా అన్నాడే తప్ప స్క్రూ మాట అనలేదు. తను అడ్డం పడటమే మంచిదైంది.

“దడగా ఉందా అత్తయ్యా? మాత్ర వేసుకుంటారా?” కోడలు ఆవిడ మణికట్టు వదలడం లేదు. “నా సంచిలోనే ఉన్నాయి.”

“తర్వాత. ముందు ఆయన్ని చెప్పనీ.”

డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని వచ్చాడు.

“స్క్రూ లేదమ్మా.”

తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. “మావాడు కాదు! చెప్పానా, మావాడు కాదు!”

డాక్టరు మాత్రం కోడలి వైపే చూస్తున్నాడు. “తర్వాత ఎప్పుడైనా తీయించారా? కొందరు తీయించుకుంటారు. బాగా ఆలోచించి చెప్పండి.”

కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ నాడి మీద వేళ్ళు అలాగే ఉన్నాయి.

“లేదండీ. తీయించలేదు.”

“నేను తీయించనిస్తేగా!” అంది తల్లి. “ఏ ఆసుపత్రిలోనో కట్టు కట్టించుకుంటూ ఉంటాడు వెధవ. ఫోను ఎక్కడో పారేసుకుని ఉంటాడు. రానీ, చెవి మెలేస్తాను.” అంతలో మూసిన తలుపు కంటపడి గొంతు తగ్గించింది. “ఏ తల్లి కన్నబిడ్డో పాపం. ఆవిడకింకా కబురు కూడా తెలిసి ఉండదు.”

ఆ మాటకి కోడలు భోరుమంది. కడుపు పట్టుకుని వంగిపోయింది.

“గండం గడిచాక ఏడుస్తావేంటే పిచ్చిపిల్లా? లే. వెళ్ళి మొహం కడుక్కునిరా. వాణ్ణి వెతకాలి.”

కోడలు సంచి బల్ల మీదే వదిలేసి, గోడ పట్టుకుని వెళ్ళింది. సంతోషం కూడా గుండెకి బరువే కాబోలు, తల్లికి దడ ఎక్కువైంది. తనలో తనే నవ్వుకుంటూ మాత్ర కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి ఓ చిన్న సీసా వచ్చింది. మూత మీద కొడుకు పేరు రాసి ఉంది.

లోపల స్క్రూ ఉంది.